చెన్నై తీరంలో నీళ్లు ఎటు పోతున్నాయో తెలుసుకోవడం ఎలా?

గాలికి అది వచ్చే దిక్కుతో పేరు పెడతారు, ప్రవాహానికి అది పోయే దిక్కుతో. మ్యాపు చూసేటప్పుడు ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

ముందు ఏ నెలో చూడండి. మార్చి, ఏప్రిల్‌లో తూర్పు తీర ప్రవాహం, అంటే భారత తూర్పు తీరం వెంట సాగే సముద్ర ప్రవాహం, ఉత్తరానికి ఉరకలేస్తుంది. అప్పటికి నైరుతి రుతుపవనాలు కేరళ కూడా తాకవు! చెన్నైలో వీచే గాలి ఒక్కటే దాన్ని నడపదు కాబట్టి అలా జరుగుతుంది. బంగాళాఖాతం అంతటా గాలి వీచే తీరు, భూమధ్యరేఖ నుంచి తీరం చుట్టి వచ్చే కెల్విన్ తరంగాలు (కంటికి కనిపించనంత విశాలమైన సముద్ర తరంగాలు) కూడా దాన్ని నడుపుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అదే ప్రవాహం దక్షిణానికి తిరిగి, గంగా బ్రహ్మపుత్రల మంచినీటిని శ్రీలంక వైపు మోసుకుపోతుంది. ఉధృతంగా ఉంటే వేగం సెకనుకు మీటరు దాటుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మాత్రం తీరమంతటికీ ఒకే దిక్కు చెప్పలేం.

ఇక ఒడ్డున కొలత. తొక్క తీయని కమలాపండు తీసుకోండి. అది దాదాపు మునిగే తేలుతుంది కాబట్టి గాలి అంతగా నెట్టదు. ఖాళీ ప్లాస్టిక్ సీసా అయితే నీటి కన్నా గాలి లెక్కే ఎక్కువ చూపిస్తుంది, పైగా చెత్త. పండును అలలు విరిగే చోటికి విసిరి, దానికి ఎదురుగా ఇసుకలో కర్ర పాతండి. 5 నిమిషాలయ్యాక పండుకు ఎదురుగా రెండో కర్ర. మధ్య దూరం 45 మీటర్లుంటే 300తో భాగించండి: సెకనుకు 0.15 మీటరు. సముద్రం వైపు తిరిగి నిలబడితే ఎడమ ఉత్తరం, కుడి దక్షిణం. మూడుసార్లయినా చేసి సగటు తీయండి. నీళ్లలోకి మాత్రం దిగొద్దు, మెరీనాలో లోపలికి లాగే నీళ్లు ప్రాణాలు తీస్తాయి.

ఇలా దొరికేది ఏటవాలుగా వచ్చే అలలు పుట్టించే ఒడ్డు ప్రవాహం. ముందు చెప్పిన, ఒడ్డుకు దూరంగా సముద్రం లోపల సాగే తీర ప్రవాహం వేరు, రెండూ ఎదురెదురుగా పోయే రోజులూ ఉంటాయి. ఇసుకను మోసేది ఈ ఒడ్డు ప్రవాహమే. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయే ఇసుకే ఎక్కువ కాబట్టి, హార్బరు గోడ కట్టాక దక్షిణాన మెరీనా మేట వేసింది, ఉత్తరాన రాయపురం కోతకు గురైంది. అందుకే ఆ గోడ దగ్గరా, కూవం, అడయారు నదులు కలిసే చోటా కొలవకండి. లోపలి ప్రవాహం కావాలంటే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చే సముద్ర సూచనలు చూడాల్సిందే.