కొస దొరికితే చిక్కు వీడుతుంది: మాక్‌బెత్‌తో ఇంగ్లిషు పదాలు నేర్చుకోవడం

మాది వరంగల్ కొత్తవాడ. ఇంట్లో జంపఖానాల మగ్గం ఉండేది. డిగ్రీలో షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ మొదటిసారి చదివినప్పుడు ఒక చోట ఆగిపోయాను. నిద్రపోతున్న రాజును చంపి వచ్చిన మాక్‌బెత్, ఇక తనకు నిద్ర లేదని పలవరిస్తాడు. అక్కడ చిక్కుపడ్డ ‘స్లీవ్’ను నిద్ర అల్లుతుందనే మాట వస్తుంది. చొక్కా చేయి అని పుస్తకం అంచున రాసుకున్నాను. నిద్ర వచ్చి చొక్కా చేతిని అల్లడమేమిటో ఎంత ఆలోచించినా తోచలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో నూలు చిలప చిక్కుపడింది. నేను లాగబోతే మా బాపు చేయి పట్టుకుని, “లాగకు బిడ్డా, కొస దొరకనియ్యి” అన్నారు. మరునాడు గ్రంథాలయంలో పెద్ద నిఘంటువు తీశాను. పలకడంలో తేడా లేని, ఒక్క అక్షరం మారిన మరో ‘స్లీవ్’ ఉంది. పేనని పట్టు పోగులు అని దాని అర్థం. 1623లో అచ్చయిన తొలి ప్రతిలో ఆ మాట వర్ణక్రమం చొక్కా చేతినే తలపిస్తుంది కాబట్టి, తడబడినవాళ్లలో నేను మొదటివాణ్ణి కాను. పగలంతా చిక్కుపడ్డ చింతల పోగుల్ని నిద్ర ఒక కొలిక్కి తెస్తుందని మాక్‌బెత్ బాధ. మా ఇంట్లో రోజూ జరిగే పని అది. ఆ పదం నన్ను విడిచి ఇప్పటివరకూ ఎటూ పోలేదు.

ఇప్పుడు హనుమకొండలో సాయంత్రాలు పిల్లలకు ఇంగ్లిషు చెబుతున్నాను. పోటీ పరీక్షల కోసం వందల పదాల జాబితాలు బట్టీ పట్టి వస్తారు. పరీక్ష ముగిసిన నెలకు ఒక్కటీ మిగలదు. వాళ్ల చేత నేను ఆ జాబితాలు పక్కన పెట్టించి మాక్‌బెత్ తెరిపిస్తాను. షేక్‌స్పియర్ విషాదాంతాల్లో అదే చిన్నది. కత్తి, రక్తం, భయం మధ్య విన్న పదం మనసులో గట్టిగా నాటుకుంటుంది.

ముందుగా, ఒక దృశ్యాన్ని నిఘంటువు ముట్టకుండా పైకి చదవండి. తెలియని పదం దగ్గర ఆగవద్దు, పెన్సిలుతో చిన్న గీత పెట్టి సాగండి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఏం కావాలంటున్నారు అన్నది తెలిస్తే చాలు. రెండోసారి చదివేటప్పుడు గీత పెట్టిన పదానికి పైనా కిందా ఉన్న పంక్తులను అడగండి. రెండో అంకం రెండో దృశ్యంలో ‘మల్టిట్యూడినస్’, ‘ఇన్‌కార్నడిన్’ అనే రెండు పెద్ద పదాలు ఒకేచోట ఉంటాయి. తన చేతి రక్తాన్ని సముద్రమంతా కలిసినా కడగలేదని, ఈ చేయే సముద్రాలకు రంగు పులుముతుందని మాక్‌బెత్ అంటాడు. వెంటనే పచ్చని నీరంతా ఎర్రబడుతుందని, చిన్నపిల్లలకు కూడా తెలిసే మాటల్లో చెబుతాడు. కవి తానే అర్థం ఇచ్చేశాడు! మనం కంగారుపడి పంక్తి మధ్యలోనే నిఘంటువుకు పరుగెత్తితే ఆ అర్థం కనబడదు.

అప్పుడు పదం పుట్టుక చూడాలి. ఇన్‌కార్నడిన్‌కు మూలం లాటిన్‌లో మాంసం అనే అర్థమున్న మాట. జంతుశాస్త్రం చదివే పిల్లలకు ‘కార్నివోరస్’, అంటే మాంసం తినేది, తెలుసు. ‘ఇన్‌కార్నేషన్’ అంటే దైవం శరీరం ధరించి రావడం, మన అవతారం. ‘కార్నేజ్’ అంటే ఊచకోత. ఒక్క తలుపు తీస్తే నలుగురు చుట్టాలు బయటికి వస్తారు. ఈ పనికి నేను ఎంత సమయమైనా ఇస్తాను, తొందరపెట్టే పిల్లలను కూడా కూర్చోబెడతాను.

మరికొన్ని పదాల వెనుక చేతిపని ఉంటుంది. ‘ట్రామెల్’ అంటే మూడు పొరల వల. హత్య చేసి దాని పర్యవసానాలన్నింటినీ ఒకే వలలో బిగించగలిగితే ఎంత బాగుండునని మాక్‌బెత్ తర్కించుకుంటాడు. ధర్మసాగర్ చెరువు దగ్గర వల లాగడం చూసిన పిల్లవాడికి ఈ వాక్యం నేను విడమరచి చెప్పనక్కరలేదు. వల ఎంత బిగించినా చేప ఎక్కడో జారిపోతుందని వాడికి తెలుసు, మాక్‌బెత్ భయం కూడా అదే. అందుకే మీ ఊళ్లో ఆ పని చేసేవారు ఎవరో ఆలోచించి, పదం పక్కన ఆ పని పేరు తెలుగులో రాసుకోండి.

కఠిన పదాల కన్నా తెలిసిన పదాలతోనే ఎక్కువ ప్రమాదం. ‘వియర్డ్’ అంటే వింత అనుకుంటాం. ఈ నాటకంలోని మంత్రగత్తెల విషయంలో దానికి విధి అని పాత అర్థం. ‘సైట్‌లెస్’ చూసి గుడ్డిది అనుకుంటే పొరపాటు, ఇక్కడ కంటికి కనబడనిది అని. ‘అడిషన్’ అంటే బిరుదు, కూడిక కాదు. ‘పిటిఫుల్’ జాలిపడే గుణానికి వాడాడు, ఈనాటిలా జాలిపడదగినదానికి కాదు. నేను డిగ్రీలో కొన్న ఒక గైడులో ‘సూయర్’ అనే పదానికి మురుగు కాలువ అని అచ్చు వేశారు. పళ్లేలతో విందుకు వస్తున్న మనిషి అతడు! అతిథులను కూర్చోబెట్టి వడ్డన చూసుకునే ఉద్యోగి. కూర్చోబెట్టడం అనే పాత ఫ్రెంచి మాట నుంచి ఆ పేరు వచ్చింది. ఆ తప్పు అర్థం ఎంతమంది పరీక్షల్లో రాసి ఉంటారోనని నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. తెలిసిన మాట వాక్యంలో ఇమడకపోతే అనుమానించండి, పాత అర్థాలిచ్చే నిఘంటువు చూడండి.

నోటు పుస్తకంలో పదం ఒక్కటే రాయవద్దు, పంక్తి మొత్తం రాయండి. ఎడమ పేజీలో పంక్తి, కుడి పేజీలో మీ తెలుగు వాక్యం. నాలుగు రోజులకు కుడి పేజీ మాత్రమే చూస్తూ ఎడమది పైకి చెప్పగలగాలి. నెల తరువాత అదే దృశ్యాన్ని ఇంకొకరితో పాత్రలు పంచుకుని చదవండి. వారానికి ఏడు పదాలు చాలు.

అన్నీ నేర్చుకోవాలని పంతం పట్టవద్దు. మంత్రగత్తెను తరిమేటప్పుడు వాడిన ‘అరాయింట్’ షేక్‌స్పియర్ బయట మీకు ఎదురుపడేది దాదాపు లేదు. ‘కెర్న్’, ‘గాలోగ్లాస్’ ఐర్లండ్ సైనికుల పేర్లు, గుర్తుపడితే సరి. ‘కార్నేజ్’ వంటిది రేపు పత్రికలో కనిపిస్తుంది, దాన్ని మీ సొంత వాక్యంలో వాడి చూడాలి.

మొదలుపెట్టడానికి మొదటి అంకం ఏడో దృశ్యం తెరవండి. ట్రామెల్ అక్కడే ఉంది. దృశ్యం మొదట్లోని రంగస్థల సూచనలో సూయర్ సేవకులతో, పళ్లేలతో ప్రవేశిస్తాడు.