లేజర్ ఎన్‌గ్రేవర్ గీత మందంగా పడుతుంటే

డయోడ్ లేజర్‌తో చెక్కపై గీసిన గీత మందంగా, అంచులు నల్లగా వస్తుంటే, పవర్ జోలికి వెళ్లే ముందు యంత్రం ప్లగ్ తీసి, మసి పట్టిన లెన్స్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూది పుల్లతో మెల్లగా తుడిచి ఆరనివ్వాలి.

తరువాత, 450 నానోమీటర్ల నీలి కాంతికి తగిన కళ్లద్దాలు తప్పనిసరిగా పెట్టుకొని, ఫోకస్ సరిచూడాలి. చదునైన చెక్కముక్కను ఏటవాలుగా ఉంచి, తక్కువ పవర్‌తో పొడవునా ఒకే గీత గీయిస్తే, అది ఒకచోట వెంట్రుకలా సన్నబడి, అటూ ఇటూ వెడల్పవుతుంది. లేజర్ ఆపి, హెడ్‌ను (లేజర్ ఉండే కదిలే భాగాన్ని) ఆ సన్నని చోటికి తెచ్చి, అక్కడ చెక్క నుంచి హెడ్ వరకు కొలిచిన ఎత్తే సరైన ఫోకస్ దూరం. యంత్రంతో వచ్చే కొలత బిళ్ల కన్నా ఈ పరీక్షే నమ్మదగినది.

అప్పటికీ మాడుతుంటే వేగం పెంచి, ఎయిర్ అసిస్ట్‌తో (గీసే చోట గాలి ఊదే అమరికతో) పొగను పక్కకు తోలాలి. లోపలంతా గీతలతో నింపిన బొమ్మ అంచులు మాత్రమే నల్లబడితే, హెడ్ మలుపుల్లో నెమ్మదించడం కారణం కావచ్చు కనుక సాఫ్ట్‌వేర్‌లో ఓవర్‌స్కాన్ (హెడ్ బొమ్మ అంచు దాటాకే మలుపు తిరిగే అమరిక) పెట్టాలి.