మీ రచనను బహిరంగ అంతర్జాలంలో అందరూ వాడుకునేలా ఉంచడం ఎలా?

ఒక వ్యాసమో, పాఠమో, ఫొటోనో అంతర్జాలంలో అందరికీ కనిపించినంత మాత్రాన దాన్ని అందరూ వాడుకోవచ్చని కాదు. దాదాపు అన్ని దేశాల్లోనూ రచన రూపుదిద్దుకున్న క్షణం నుంచే, ఎక్కడా నమోదు చేయకపోయినా, దానిపై రచయితకు కాపీరైటు ఏర్పడుతుంది. అందువల్ల మీరు ఏమీ చెప్పకుండా ఊరుకుంటే, దాన్ని అనువదించదలచినవారు గానీ పుస్తకంలో చేర్చదలచినవారు గానీ మీ అనుమతి కోసం ఎదురుచూడవలసిందే. మీ చిరునామా దొరకకపోతే ఆ పని అక్కడితో ఆగిపోతుంది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ పరిశోధన సంస్థ తన వరల్డ్ వైడ్ వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని, మార్చుకోవచ్చని లిఖితపూర్వకంగా ప్రకటించింది. మనం చేయవలసింది కూడా అదే: అనుమతిని ముందే రాసి ఉంచడం.

ఇందుకు క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ రూపొందించిన లైసెన్సులు, అంటే ముందే రాసి ఉంచిన అనుమతి పత్రాలు, సిద్ధంగా ఉన్నాయి. మొదటివి 2002లో వచ్చాయి; ఇప్పుడు వాడవలసినది 2013లో వచ్చిన 4.0 కూర్పు. వీటిలో ‘సీసీ బై’ని ఎంచుకుంటే మీ పేరు పేర్కొని ఎవరైనా వాడుకోవచ్చు. ‘సీసీ బై-ఎస్ఏ’ (ఆట్రిబ్యూషన్-షేర్‌అలైక్) అయితే, మీ రచనను మార్చి ప్రచురించేవారు తమ కూర్పును కూడా అదే లైసెన్సుతో విడుదల చేయాలి. లైసెన్సు పేరులో చేరే ‘ఎన్‌సీ’ వాణిజ్య వినియోగాన్ని, ‘ఎన్‌డీ’ మార్పులు చేసి పంచుకోవడాన్ని నిషేధిస్తాయి. చాలామంది జాగ్రత్త కోసమని ఎన్‌సీ వైపు మొగ్గుతారు. కానీ పాఠాన్ని అచ్చువేసి కాగితం ఖర్చుకు అమ్మే చిన్న ప్రచురణకర్త సైతం ఆ నిషేధానికి భయపడి వెనకడుగు వేయవచ్చు. వికీపీడియా వ్యాసంలోకి ఆ పాఠాన్ని తీసుకోవడానికీ వీలుండదు. ఎన్‌డీ పెడితే అనువాదాన్ని ప్రచురించే దారి కూడా మూసుకుపోతుంది. అందరికీ అందాలన్నదే మీ ఉద్దేశమైతే బై-ఎస్ఏ సరైనదని నా అభిప్రాయం. అయితే ఒకసారి ఇచ్చిన లైసెన్సును, దాని షరతులు పాటిస్తున్నవారి నుంచి వెనక్కి తీసుకోలేరు కనుక, ఆలోచించుకున్నాకే ఇవ్వండి.

పేజీ చివర ఇలా రాయండి: “ఈ వ్యాసాన్ని క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్-షేర్‌అలైక్ 4.0 అంతర్జాతీయ లైసెన్సు కింద విడుదల చేస్తున్నాను.” దాని కింద మీ పేరు, సంవత్సరం చేర్చి, లైసెన్సు పేరుకు దాని అసలు పాఠం ఉన్న పేజీ లింకు ఇవ్వండి. ఇతరుల బొమ్మలు, పద్యాలు మీ వ్యాసంలో ఉంటే, అవి ఈ అనుమతిలోకి రావని విడిగా చెప్పండి.

పాఠాన్ని బొమ్మగా కాక యూనికోడ్ అక్షరాలుగానే, అంటే ఏ కంప్యూటరైనా గుర్తించే అక్షరాలుగానే, ఉంచాలి. అప్పుడే అది వెతికితే దొరుకుతుంది, చూపులేనివారికి స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపించగలుగుతుంది. ప్రతి ఫొటోకూ అందులో ఏముందో తెలిపే ప్రత్యామ్నాయ పాఠం జోడించండి.

మీరు తీసిన ఫొటోలను, వికీపీడియా కూడా వాడుకునే ఉచిత ఫొటోల భండారమైన వికీమీడియా కామన్స్‌లో ఉంచవచ్చు. ఖాతా తెరిచి, అప్‌లోడ్ విజార్డ్‌లో అసలు పరిమాణంలోని ఫైలును ఎక్కించి, అది మీ సొంత కృతి అని ధ్రువీకరించి, వివరణ, తేదీ, వర్గం నింపండి. వివరణ విషయంలో బద్ధకించవద్దు. అది లేని ఫొటో ఎవరి కంటా పడదు.

పేజీ సిద్ధమయ్యాక, వెబ్ పేజీల ప్రతులను దాచి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ‘సేవ్ పేజ్ నౌ’ గడిలో దాని చిరునామా ఇచ్చి ఒక ప్రతిని భద్రపరచండి. లాగిన్ అడిగే పేజీలకు ఇది పనికిరాదు కాబట్టి, ముందుగా బ్రౌజర్‌లోని ప్రైవేట్ విండోలో మీ పేజీని తెరిచి, ఏ ఖాతా లేకుండానే పాఠం మొత్తం కనిపిస్తోందో లేదో, అక్షరాలను ఎంచుకుని కాపీ చేయగలుగుతున్నారో లేదో చూసుకోండి.