ఫ్రోజెన్ పాలకూర, తాజా పాలకూర: పోషకాలు పోల్చి చూడటం ఎలా?

ఫ్రోజెన్ పాలకూర అంకెల్ని పచ్చి పాలకూర అంకెల పక్కన పెట్టి చూడకండి. వండినదాన్ని వండినదానితోనే, అదీ ఒకే తూకంలో పోల్చాలి. కప్పు లెక్క అసలొద్దు. పచ్చి ఆకు కప్పుకి 30 గ్రాములే పడుతుంది. ఉడికిందైతే అదే కప్పుకి 180 గ్రాములు. పటమట రైతుబజారు నుంచి సంచి నిండా తెచ్చిన కట్టలు ఉడికేసరికి గిన్నె అడుక్కి దిగిపోతాయి. మా ఆయన మూత తీసి "ఇంతేనా?" అంటారు.

మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. వాళ్లింట్లో పాలకూర పప్పంటే ఫ్రోజెన్ ప్యాకెట్టే. "దీంట్లోనే కాల్షియం ఎక్కువమ్మా" అని నాతో వాదన. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక తీస్తే అంకె దాని వైపే ఉంది. ఉడికించి నీళ్లు వార్చిన 100 గ్రాముల్లో తాజాదానికి 136 మిల్లీగ్రాములు, ఫ్రోజెన్‌కి 153. అయితే అదే పట్టికలో నీటి శాతం అని ఒక వరుస ఉంటుంది. ముందు చూడాల్సింది దాన్నే. తాజాది 91, ఫ్రోజెన్‌ది 89. రెండు శాతమేగా అనుకుంటాం. నీళ్లు పోను మిగిలిన అసలు సరుకు ఒకదాంట్లో 9 గ్రాములు, రెండోదాంట్లో 11. ఇప్పుడు 136ని 9తో, 153ని 11తో భాగించండి. దాదాపు 15, 14 వస్తాయి. ఫ్రోజెన్‌లో ఎక్కువగా కనిపించిందంతా నీళ్లు తగ్గడం వల్లే. ఏ పోషకానికైనా ఇదే లెక్క.

విటమిన్ సి దగ్గర మాత్రం తేడా నిజమైనదే: తాజాదాంట్లో 9.8 మిల్లీగ్రాములు, ఫ్రోజెన్‌లో 2.2. ఫోలేట్ (ఇదొక బి విటమిన్) 146 మైక్రోగ్రాములకి 121. గడ్డకట్టించే ముందు ఫ్యాక్టరీలో ఆకుని కాసేపు వేడినీళ్లలో ముంచి తీస్తారు. ఈ రెండూ నీళ్లలో కరిగేవే కాబట్టి కొంత అక్కడే పోతుంది. ఇనుము కూడా 3.6 మిల్లీగ్రాములకి 2 అని ఉంటుంది గానీ, ఆ తప్పు ఫ్రీజర్ మీద వేయకండి. చలికి ఇనుము ఆవిరైపోదు. ఏ పొలం ఆకు, ఏ నేల, ఎంత మట్టి అంటుకుని ఉంది అన్నదాన్ని బట్టి ఈ అంకె బాగా మారుతుంది.

ఇంతకీ మనం తాజా అనేది ఎంత తాజా? ఉండవల్లి, పెనుమాక వైపు తెల్లవారుజామున కోసిన ఆకు పొద్దున్నే కొంటే సరే. అదే ఆకు మే నెల బెజవాడ ఎండలో నీళ్లు చల్లించుకుంటూ సాయంత్రం దాకా బండి మీద ఉంటే విటమిన్ సి బాగా తగ్గినట్టే. కాడ విరిచి చూడండి, టప్పుమనాలి. వంగితే వద్దు. తెచ్చిన రోజే వండేయండి.

పట్టికలోవి నీళ్లు వార్చిన ఆకు అంకెలని మర్చిపోవద్దు. పప్పులో మనం ఆ నీళ్లు పారబోయం, కాబట్టి కరిగిందంతా గిన్నెలోనే ఉంటుంది. కడిగాకే తరగండి, తరిగి కడగొద్దు. ఫ్రోజెన్‌దైతే కరిగించి పిండకుండా నేరుగా ఉడికే పప్పులో వేసేయండి. దించాక నిమ్మకాయ పిండితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. కిడ్నీలో రాళ్లున్నవాళ్ల సంగతి వేరు. ఆ రాళ్లకి కారణమయ్యే ఆక్సలేట్ అనే పదార్థం తగ్గాలంటే ఉడికించి ఆ నీళ్లు వార్చేయాల్సిందే.

తోటకూర, గోంగూరల అంకెలు కావాలంటే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలున్నాయి. అవి పచ్చి ఆకు అంకెలు. కాబట్టి వండినవాటి అంకెలతో పోల్చకండి. ప్యాకెట్ వెనక అంకెలు చూసేటప్పుడు అందులో ఉప్పో, క్రీమో కలిపారేమో కూడా చదవండి.