కాక్లియర్ ఇంప్లాంట్ తరువాత తూలుతుంటే: సమస్య - పరిష్కారం

వినికిడి కోసం లోపలి చెవిలో ఎలక్ట్రోడ్ అనే సన్నని తీగను అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ తరువాత తల తిరుగుతోందన్నవారిని ముందుగా అడగవలసినవి రెండే: ఒక్కో విడత ఎంతసేపు ఉంటోంది, ఏ కదలికతో మొదలవుతోంది? ఇవి అడగకుండానే చెవి బయట పెట్టుకునే ప్రాసెసర్ మ్యాపింగ్ (ఇంప్లాంట్ ఇచ్చే విద్యుత్ స్థాయిల అమరిక) మార్చడమో, తల తిరుగుడు మాత్రలు నెలల తరబడి కొనసాగించడమో చూసి చూసి విసిగిపోయాను.

మొదటి రోజుల్లో వికారంతో ఎడతెగక తిరుగుతుంటే అది లోపలి చెవికి తగిలిన తాకిడి. చాలామందిలో కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. పక్క మీద ఒత్తిగిలగానే గిర్రున తిరిగి నిమిషంలోపే ఆగిపోతుంటే, ఎముకను తొలిచేటప్పటి అదురుకు చెవిలోని సున్నపు రేణువులు చోటు తప్పి ఉండవచ్చు. డిక్స్-హాల్‌పైక్ పరీక్షలో (తల పక్కకు తిప్పి చప్పున పడుకోబెట్టి కళ్ల కదలిక చూసేది) అది బయటపడుతుంది, తలను వరుసగా తిప్పి రేణువులను చోటికి చేర్చే ఎప్లీ పద్ధతితో సాధారణంగా కుదురుకుంటుంది.

నన్ను మోసగించింది మాత్రం తల తిరగని రకం. ఒకాయన పగలు వరండాలో చక్కగా నడిచి చూపిస్తే బాగానే ఉందని పంపేశాను. రాత్రి లేస్తే గోడ పట్టుకోనిదే అడుగు వేయలేకపోతున్నారని ఆయన భార్య చెప్పాకనే కాగితం చేతికిచ్చి, తల అటూ ఇటూ తిప్పుతూ చదవమన్నాను. రెండో వరుసకే అక్షరాలు అలుక్కుపోయాయి.

కర్ణావర్తానికీ (వినికిడికి పనిచేసే నత్తగుల్ల ఆకారపు భాగం, కాక్లియా) లోపలి చెవిలోని బ్యాలెన్స్ అవయవాలకూ ద్రవం ఒకటే కాబట్టి ఎలక్ట్రోడ్ ప్రభావం వాటిమీదా పడవచ్చు. వాటిలో కర్ణావర్తానికి అన్నిటికన్నా దగ్గరగా ఉండే సాక్యూల్ అనే చిన్న సంచి తరచుగా దెబ్బతింటుంది. తిరుగుడు పుట్టేది రెండు చెవుల సంకేతాల మధ్య తేడా నుంచి. ఎప్పుడో బలహీనపడిన రెండో చెవికి ఆపరేషన్ జరిగిన చెవీ తోడై రెండూ మూగబోతే తేడాయే ఉండదు. కళ్లూ పాదాలూ ఆ లోటును కప్పేస్తాయి. అందుకే పక్కన మనిషిని నిలబెట్టి, మెత్తని ఫోమ్ మీద కళ్లు మూయించి నిలబెట్టాలి. అప్పుడు ఒరిగిపోతే రెండు చెవులకూ హెడ్ ఇంపల్స్ (తలను చటుక్కున తిప్పి చూపు నిలుస్తుందో లేదో చూసేది), క్యాలరిక్ (చెవిని వేడి, చల్లదనాలతో ప్రేరేపించి కళ్ల కదలిక చూసేది) పరీక్షలు చేయించాలి.

ఇలా రెండు చెవులూ దెబ్బతిన్నప్పుడు తిరుగుడు మాత్రలు మెదడు సర్దుబాటును ఆలస్యం చేస్తాయి కనుక డాక్టరు సలహాతో వాటిని తగ్గించాలి. ఫిజియోథెరపిస్టు వద్ద, ఎదుటి అక్షరం మీద చూపు నిలిపి తల తిప్పే సాధన రోజూ కొన్నిసార్లు నెలల పాటు చేయాలి. రాత్రి దీపం ఉండాలి. నీటిలో మునిగితే పైకేదో కిందికేదో తెలియదు కనుక ఒంటరిగా ఈదకూడదు. ఇంకో చెవికి ఇంప్లాంట్ ఆలోచిస్తుంటే ముందే బ్యాలెన్స్ పరీక్ష జరగాలి.

మిగిలినవి అరుదు. ప్రాసెసర్ పెడితే తిరిగి, తీస్తే ఆగుతుంటే అప్పుడే మ్యాపింగ్ సంగతి. దగ్గినా ముక్కినా తిరుగుతుంటే ద్రవం కారుతోందేమో సర్జన్ చూడాలి. జ్వరం, తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం కనిపిస్తే ఈ పరీక్షలేవీ వద్దు, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.