లిబ్రెఆఫీస్ ఐకాన్లు ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కోలా ఉంటే ఏం చేయాలి?

ఒక శిక్షణ తరగతిలో "పైన రంగు అట్ట బొమ్మ ఉంది కదా, అది నొక్కితే పేస్ట్ అవుతుంది" అన్నాను. విండోస్ కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు నొక్కేశారు. లినక్స్ వరుసలో ఉన్నవాళ్లు మాత్రం తెర అంతా వెతుకుతూ ఉండిపోయారు. వాళ్లకు అదే అట్ట సన్నని బూడిద గీతలతో కనిపిస్తోంది. అన్నింటిలోనూ ఉన్నది ఒకే లిబ్రెఆఫీస్, అంటే ఉచితంగా దొరికే ఆఫీస్ ప్రోగ్రామ్.

సమస్య: ఒకే ప్రోగ్రామ్, వేర్వేరు ఐకాన్లు

ఇది లోపం కాదు. ఐకాన్ థీమ్, అంటే బటన్ల మీద కనిపించే బొమ్మల సెట్, మొదట "ఆటోమేటిక్"లో ఉంటుంది. అంటే ఏ బొమ్మలు చూపాలో ప్రోగ్రామే ఆపరేటింగ్ సిస్టమ్‌ను చూసి నిర్ణయించుకుంటుంది: విండోస్‌లో కొలిబ్రె అనే థీమ్, మ్యాక్‌లో సుకపుర, లినక్స్‌లో కేడీఈ అనే డెస్క్‌టాప్ అయితే బ్రీజ్, గ్నోమ్ అనేది అయితే ఎలిమెంటరీ. చుట్టూ ఉన్న మిగతా ప్రోగ్రాములతో కలిసిపోవాలన్నది దీని ఉద్దేశం. ఒక్క కంప్యూటర్‌తో పనిచేసేవారికి ఇదే మేలు, దాన్ని కదపవద్దు.

తరగతి గదికి, ఆఫీసుకు మాత్రం లెక్క వేరు. అక్కడ అందరికీ ఒకే బొమ్మ కనిపించాలి. టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరిచి, లిబ్రెఆఫీస్ కింద "వ్యూ"లో ఐకాన్ థీమ్ మార్చండి. కొత్త వెర్షన్లలో అక్కడ కనిపించకపోతే "అపియరెన్స్" కింద చూడండి. మ్యాక్‌లో ఇవే ఆప్షన్లు లిబ్రెఆఫీస్ మెనూలో ఉంటాయి. నేనైతే అన్నింటిలోనూ కొలిబ్రె పెడతాను. రంగులు స్పష్టంగా ఉంటాయి, కొత్తవాళ్లు త్వరగా గుర్తుపడతారు. ఈ ఎంపిక ఆ యూజర్ ప్రొఫైల్‌కే వర్తిస్తుంది కాబట్టి, ఒకే కంప్యూటర్‌లో ఇద్దరు వేర్వేరుగా లాగిన్ అయితే రెండుసార్లు మార్చాలి.

సమస్య: ఎంచుకోవాలనుకున్న థీమ్ జాబితాలోనే లేదు

ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాల్లో ఒక్కో థీమ్ ఒక్కో ప్యాకేజీగా వస్తుంది. ప్యాకేజీ మేనేజర్‌లో "లిబ్రెఆఫీస్-స్టైల్" (libreoffice-style) అని ఇంగ్లిషులో వెతికి, కావలసినది ఇన్‌స్టాల్ చేసి, ప్రోగ్రామ్ మూసి తెరవండి.

సమస్య: డార్క్ మోడ్ పెట్టగానే ఐకాన్లు మాయమయ్యాయి

మాయం కాలేదు, నల్లటి నేపథ్యంలో ముదురు గీతలు కలిసిపోయాయి. మీరు చేత్తో ఒక థీమ్ ఎంచుకున్నాక, సిస్టమ్ రంగు మారినా ప్రోగ్రామ్ మీ మాటే పాటిస్తుంది. తిరిగి "ఆటోమేటిక్" పెట్టండి, లేదా అదే థీమ్‌లో డార్క్ రకాన్ని ఎంచుకోండి. బ్రీజ్, కొలిబ్రె, సిఫర్ మూడింటికీ డార్క్ రకాలున్నాయి. చూపు మందగించినవారు కూర్చునే కంప్యూటరైతే సిఫర్‌ను ఒకసారి పెట్టి చూడండి. అది ఒకే రంగు గీతలతో ఉంటుంది, ఆకారాలు విడిగా తెలుస్తాయి. వారి పక్కన కూర్చుని, వారు చెప్పాకే ఖాయం చేయండి.

సమస్య: ఐకాన్లు మసకగా ఉన్నాయి

ఎక్కువ రిజల్యూషన్ తెర మీద మామూలు బొమ్మలను సాగదీసి చూపడం వల్ల అంచులు అలుక్కుపోతాయి. జాబితాలో పేరు పక్కన "ఎస్‌వీజీ" అని ఉన్న రకాన్ని ఎంచుకోండి. అవి గీతల రూపంలో ఉంటాయి కాబట్టి ఎంత పెంచినా చెదరవు. ఇంకా చిన్నగా అనిపిస్తే, టూల్‌బార్ ఐకాన్ సైజును అక్కడే "ఎక్స్‌ట్రా లార్జ్" చేయండి.