హ్మోంగ్ రుచితో పండ్ల బజ్జీలు, పక్కన రోట్లో దంచిన కారం

అరటికాయ బజ్జీ మనకు కొత్త కాదు. పండును పిండిలో ముంచి వేయించడమూ కొత్త కాదు. కానీ వేడివేడి తీపి బజ్జీని పచ్చిమిర్చి కారంలో అద్దుకుని తినొచ్చని నాకు తెలిసింది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో. ఆ ఊళ్లో హ్మోంగ్‌లు చాలామంది ఉంటారు. దక్షిణ చైనా, వియత్నాం, లావోస్, థాయ్‌లాండ్ కొండల్లో బతికిన జనం వాళ్లు. 1975లో లావోస్ యుద్ధం ముగిశాక వేలమంది మెకాంగ్ నది దాటి థాయ్‌లాండ్ శిబిరాల్లో తలదాచుకున్నారు. అక్కడి నుంచి చాలామంది అమెరికా చేరారు.

సెయింట్ పాల్‌లో ఒకప్పటి కలప అడితిలో 2004లో మొదలైన హ్మోంగ్‌టౌన్ మార్కెట్‌ప్లేస్‌కి వెళ్తే, మనిషి కనిపించే ముందు రోకలి చప్పుడు వినిపిస్తుంది. ఒకావిడ లోతైన రోట్లో పచ్చి బొప్పాయి తురుము వేసి, ఒక చేత్తో దంచుతూ రెండో చేత్తో గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పుతోంది. మిరపకాయ నలిగిన ఘాటు ముక్కుకు తగలగానే నాకు మా అమ్మమ్మ వంటిల్లు గుర్తొచ్చింది.

ఒక విషయం ముందే చెప్పాలి. ఇది తరతరాలుగా వస్తున్న హ్మోంగ్ వంటకం కాదు. కొండ ఊళ్ల వంట చాలావరకు ఉడకబెట్టిన మాంసం, ఆకుకూర, అన్నం, పక్కన దంచిన కారం. బియ్యప్పిండి, కొబ్బరి, నువ్వులు కలిపి అరటిపండు వేయించేది లావోస్, థాయ్‌లాండ్ బజార్లలో. ఆ బజ్జీని, హ్మోంగ్ కారాన్ని ఒక పళ్లెంలో పెట్టాను, అంతే. నలుగురికి సరిపోయే కొలతలు ఇవి.

1. పండు ఎంచుకోండి

సగం పని ఇక్కడే అయిపోతుంది. తొక్క పూర్తిగా పసుపు రంగుకి తిరిగి, ఇంకా మచ్చలు పడని అరటిపండు కావాలి. నొక్కితే గట్టిగా ఉండాలి. కర్పూర అరటి బాగుంటుంది, నేంద్రం దొరికితే ఇంకా మంచిది. నేను మొదటిసారి బాగా మాగిన పళ్లతో చేస్తే ముక్కలు నూనెలోనే విడిపోయాయి, పైన పిండి పెంకులా మిగిలింది.

నాలుగు అరటిపళ్లు, ఎనిమిది పనస తొనలు, నాలుగు అనాస చక్రాలు తీసుకోండి. ఈ మూడింటిలో నా ఓటు పనసకే. తొనలో నీరు తక్కువ కాబట్టి పిండి గట్టిగా పట్టుకుంటుంది, గింజ తీసేసిన ఖాళీలోకి కూడా చేరుతుంది. ఉద్దానం పనస దొరికే వాళ్లయితే ఇంకేం వెతకక్కర్లేదు. అనాస ముక్కల్ని మాత్రం పొడి గుడ్డ మీద పావుగంట ఆరబెట్టి, పైన బియ్యప్పిండి చల్లుకోవాలి. తడి ముక్క నూనెలో పడితే చిమ్ముతుంది.

2. సున్నపు తేట

తాంబూలంలోకి వాడే సున్నం శనగగింజంత తీసుకుని గ్లాసు నీళ్లలో కలిపి అరగంట కదపకుండా ఉంచండి. పైకి తేరిన నీళ్లే వాడాలి, అడుగున ఉన్నది పారబోయండి. థాయ్‌లాండ్‌లో బజ్జీ కరకరలాడటానికి పిండిలో ఈ నీళ్లే పోస్తారు. తినే సున్నం దొరక్కపోతే చల్లటి నీళ్లు వాడండి, గోడకు వేసే సున్నం జోలికి పోవద్దు.

3. మసాలా, పిండి

వియత్నాం ఉత్తర కొండల్లో హ్మోంగ్ రైతులు పెద్ద యాలకుల జాతి కాయ ఒకటి పండిస్తారు. మనం బిర్యానీలో వేసే నల్ల యాలక్కాయకు అది దగ్గరి చుట్టం. పొగ మీద ఆరబెడతారు కాబట్టి వాసనలో పొగ ఉంటుంది. మన నల్ల యాలక్కాయ ఒకటి ఒలిచి, గింజలు మాత్రం దంచండి. నిమ్మగడ్డి కాడల్లో అడుగున ఉండే తెల్లటి లేత భాగం రెండంగుళాలు తీసుకుని వీలైనంత సన్నగా తరగండి. ముతకగా తరిగితే నోట్లో పీచులా తగులుతుంది.

ఒక కప్పు బియ్యప్పిండి, పావు కప్పు మైదా, రెండు చెంచాల పచ్చి కొబ్బరి తురుము, ఒక చెంచా వేయించిన నువ్వులు, అర చెంచా మిరియాల పొడి, అర చెంచా ఉప్పు, ఒక చెంచా బెల్లం తురుము, పైన చెప్పిన మసాలా కలపండి. అర కప్పు కొబ్బరిపాలు పోసి, ఆ తర్వాత సున్నపు తేట కొంచెం కొంచెంగా పోస్తూ కలుపుకోండి. దాదాపు అర కప్పు పడుతుంది. గరిటె వెనక వైపు పలచగా అంటుకుని, వేలితో గీస్తే గీత నిలవాలి. శనగపిండి బజ్జీలకు కలిపినంత చిక్కగా వద్దు, పండు రుచి కనపడకుండా పోతుంది.

4. కారం దంచండి

నూనె పొయ్యి మీద పెట్టే ముందే ఈ పని అయిపోవాలి. రోట్లో ఆరు పచ్చిమిరపకాయలు, అర చెంచా రాళ్లుప్పు వేసి ముందు ఆ రెండే దంచండి. ఉప్పు రాపిడికి మిరప తొక్క త్వరగా నలుగుతుంది. తర్వాత కొత్తిమీర కాడలు, రెండు ఉల్లికాడలు వేసి కచ్చాపచ్చాగా నలపండి. ఒక నిమ్మకాయ రసం పిండి, ఒక చెంచా బెల్లం కలపండి. హ్మోంగ్ ఇళ్లలో చేపల సాస్ వేస్తారు, శాకాహారులు అర చెంచా సోయా సాస్ వేసుకోవచ్చు. బెల్లం నేను చేర్చిందే, పండు పక్కన అది నప్పుతుంది.

దయచేసి మిక్సీ వద్దు. మెత్తటి పేస్టు బజ్జీ మీద జారిపోతుంది. దంచిన కారంలో గింజ, కాడ, తొక్క వేరువేరుగా తగులుతాయి, ఆ రుచే వేరు.

5. వేయించడం

నూనె మధ్యస్థమైన మంట మీద కాగాలి, థర్మామీటర్ ఉంటే 170 డిగ్రీల సెల్సియస్. లేకపోతే ఒక చుక్క పిండి వేసి చూడండి. కిందికి వెళ్లి వెంటనే తేలితే సరైన వేడి. అసలు మునగకుండా అక్కడికక్కడే నల్లబడితే ఎక్కువైనట్టు. పండులో చక్కెర ఉంటుంది కాబట్టి మంట పెద్దదైతే లోపల వేడెక్కకముందే పైన మాడుతుంది.

అరటిపండును నిలువుగా రెండుగా చీల్చి, పెద్దదైతే అడ్డంగా కూడా కోయండి. బియ్యప్పిండి అడుగుకి చేరిపోతుంటుంది, కాబట్టి ముంచే ప్రతిసారీ ఒకసారి కలపాలి. నాలుగైదు ముక్కల కంటే ఎక్కువ ఒకేసారి వేయొద్దు. మూడు నాలుగు నిమిషాల్లో నురుగు తగ్గి, గరిటె తగిలితే గట్టి చప్పుడు వస్తుంది. అప్పుడు తీసి జల్లెడ మీద వేయండి. పళ్లెంలో పోగేస్తే ఆవిరికి అడుగు ముక్కలు మెత్తబడతాయి.

ఐదు నిమిషాలు ఆగి తినండి, లోపలి పండు నాలుక కాల్చేంత వేడిగా ఉంటుంది. మిగిలిన కారాన్ని సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాడు పెరుగన్నంలోకి బాగుంటుంది.